కంచు రింగు

బెంగళూరు శివాజీనగర్‌లో రసెల్ మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ తుపాకుల దుకాణం చూడటానికి గడియారాల కొట్టులా ఉంటుంది. అద్దాల బీరువాలో రెండు ఎయిర్ గన్నులు, బూజు పట్టిన ఒక తోలు సంచి, అంతే. అసలు సరుకు లోపల, ఇనప తలుపు అవతల. మా మేనమామ తుపాకి ఐదు నెలలుగా అక్కడే ఉంది. లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. పెద్దకర్మ కాకముందే మా బావ చేసిన పని అదే. ఇక తన పేర వారసత్వ లైసెన్సుకి అర్జీ పెట్టాలా, వదిలించుకోవాలా అన్నది మిగిలింది. "ముందు అదసలు బతికుందో లేదో చూద్దాం రా" అని నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు.

వెనక మరమ్మతు గదిలో బల్లకి బిగించిన వైస్, ఆకురాళ్ళు, సీసాల్లో నూనెలు, కిటికీ వెలుగు పడేచోట ఒక ముక్కాలిపీట. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. హిందూపురం వదిలి నలభై ఏళ్ళయిందట. బావ కన్నడంలో మొదలుపెడితే, "మనూరోళ్ళే కదప్పా, తెలుగులో చెప్పు" అన్నాడు.

తుపాకి చేతికి రాగానే ఆయన బోల్టు వెనక్కి లాగి, గదిలోకి చిటికెనవేలు పెట్టి తూటా లేదని చూశాడు. కింద మేగజైన్ గొట్టంలోకీ చూశాడు. ఐదు నెలలుగా తన కళ్ళముందే ఉన్న తుపాకి అది. అయినా చూశాడు.

వీపు వెనక గూనిలా ఎత్తుగా ఉండటం వల్ల ఈ రకాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. బ్రౌనింగ్ ఆటో 5. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన ఈ నమూనాని వించెస్టర్ వాళ్ళు ఆయన అడిగిన పద్ధతిలో కొనలేదు. రెమింగ్టన్ అధ్యక్షుడితో మాట్లాడటానికి వెళితే, ఆయన అదే రోజు గుండెపోటుతో పోయాడు. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్ళాడు. 1902 నుంచి హెర్‌స్టాల్‌లోని ఎఫ్.ఎన్. కర్మాగారంలో ఇది తయారైంది. బాగా అమ్ముడైన మొదటి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఇదే. 1998 దాకా దీన్ని చేస్తూనే ఉన్నారు. మా తాతగారు 1950ల్లో మద్రాసులో కొన్నారు. బుక్కపట్నం చెరువులో బాతుల కోసం.

"చెరువు కోసరమే పుట్టిన తుపాకి ఇది" అంటూ ఉస్తాద్ ఎడమవైపున్న చిన్న మీట చూపించాడు. అది తిప్పితే మేగజైన్‌లోని తూటాలు కదలవు. చిన్న పరజల కోసం సన్నరవ్వ తూటాలు నింపుకుని కూర్చుంటే పెద్ద బాతు వస్తుందనుకోండి. మీట తిప్పి, గదిలో ఉన్నది తీసేసి, ముతకరవ్వ తూటా ఒకటి పెట్టుకోవచ్చు. తడి గట్టుమీద చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న మనిషి అవసరం తెలిసినవాడే ఆ మీట పెట్టి ఉంటాడు.

ముందు మూత తిప్పి, చెక్క పిడి ఊడదీసి, గొట్టాన్ని విడిగా బల్లమీద పెట్టాడు. లోపల ఒక స్ప్రింగు, ఒక ఉక్కు రింగు, ఒక కంచు రింగు. తుపాకి ప్రాణమంతా అక్కడే ఉంది. తూటా పేలితే గొట్టం, బోల్టు ఒకదానితో ఒకటి పట్టుకుని మొత్తంగా వెనక్కి వస్తాయి. బోల్టు వెనకే ఆగుతుంది, గొట్టం ముందుకి పోతుంది. ఆ సందులోంచి ఖాళీ తూటా ఎగిరి బయటపడుతుంది. తర్వాత బోల్టు కొత్త తూటాని తోసుకుంటూ మూసుకుంటుంది. ఆ వెనక్కి వచ్చే ఊపుకి బ్రేకు కంచు రింగే. బరువు తూటాలకైతే ఉక్కు రింగు స్ప్రింగుకీ కంచు రింగుకీ మధ్యన కూర్చుని దాన్ని బిగిస్తుంది. తేలిక తూటాలకైతే ఉక్కు రింగుని స్ప్రింగు అడుగుకి దించేయాలి. తేలికకి బిగువుగా పెడితే తూటా ఇరుక్కుంటుంది. బరువుకి వదులుగా పెడితే దెబ్బంతా తుపాకి మీదే పడుతుంది.

"ఇదో" అని పిడి చెక్క చూపించాడు. వెంట్రుకంత చీలిక. మామయ్యో తాతయ్యో ఎప్పుడో రింగు మార్చడం మరిచిపోయారు. లేదా చీకట్లో మార్చారు.

నూనె దగ్గర ఉస్తాద్‌కి కోపం వచ్చింది. "కొబ్బరినూనె పూసినారు కదా? జిగురు కట్టేసిండాది." బావ తల వంచుకున్నాడు. రింగు జరిగే మేగజైన్ గొట్టం మీద నూనె పూసినట్టే పూసి తుడిచేయాలట. ఎక్కువైతే బ్రేకు పట్టదు, బొత్తిగా లేకపోతే గీరుకుపోతుంది. తోలు సంచిలో దాచడం ఇంకో తప్పు. తోలు తేమ పీల్చి ఇనుముకి అప్పజెపుతుంది. వెనక చెక్క ఊడదీస్తే, లోపలి స్ప్రింగు గొట్టం చుట్టూ ఎర్రటి తుప్పు, దాంతోపాటు ఎండిన బంకమట్టి. చెరువు మట్టే. బావ దాన్ని వేలితో తీసి కాసేపు చూశాడు.

ఇప్పుడెవరైనా కొత్తగా కొనాలంటే ఏది మేలని అడిగాను. ఉస్తాద్ నవ్వాడు. పొగ ఒత్తిడితో నడిచేవి భుజానికి మెత్తన, కానీ మసి పడుతుంది. 1963 నాటి రెమింగ్టన్ 1100 ఆ రకమే. బెనెల్లీ లాంటివి వెనక్కి తన్నే జడత్వంతోనే నడుస్తాయి, లోపల శుభ్రంగా ఉంటాయి. "నన్నడిగితే, బురదలోకి పోయేటోనికి రెండు గొట్టాల తుపాకే. దాంట్లో చెడిపోయేదేముండాది?" అన్నాడు. అయినా ఎంపిక కాగితాల మీదే జరిగిపోయింది. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లు మన నిబంధనల్లో నిషేధిత శ్రేణిలోవి. షాట్‌గన్ పట్టుకునే మన క్రీడాకారులు వాడేది ఒకదానిమీద ఒక గొట్టం ఉన్న తుపాకి. మన హైదరాబాదు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ట్రాప్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచింది మట్టి పళ్ళేలను కొట్టి.

బాతుల సంగతి సరేసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో లైసెన్సుతో కొన్ని పక్షుల్ని వేటాడే వీలు ఇంకా ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. విచిత్రంగా అదే ఏడు అమెరికాలో నీటిపక్షుల వేటకి సీసపు రవ్వ నిషేధించారు. మామయ్య 1991 తర్వాత చెరువుకి వెళ్ళలేదు. అంతకుముందూ ఎన్నడూ గొప్పలు చెప్పుకోలేదు. 1938లో భరత్‌పూర్‌లో వైస్రాయి విందు వేటలో ఒక్కరోజే 4,273 పక్షుల్ని కూల్చారని రాతి మీద చెక్కించుకున్నవాళ్ళ జాతి కాదాయన. మా వైపు వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడితే, ఊళ్ళో వాళ్ళే కాపలా కాస్తారు. చివరి ఏళ్ళలో ఆయన చూడ్డానికి వెళ్ళింది అక్కడికే.

తుప్పు తీసి, తుడిచి, మళ్ళీ బిగించేటప్పుడు ఉస్తాద్ రింగులు రెండూ అరచేతిలో పెట్టుకుని అడిగాడు.

"ఎట్ల పెట్టమంటావప్పా? బరువుకా, తేలికకా?"

ఇక పేలని తుపాకికి ఈ ప్రశ్నేమిటో మా ఇద్దరికీ అర్థం కాలేదు. బావ నా వంక చూశాడు.

"పెద్దాయన ఎట్ల పెట్టిండెనో అట్లే పెడతా" అని ఆయనే ఉక్కు రింగుని మధ్యన కూర్చోబెట్టాడు. బరువు తూటాలకి.

దరఖాస్తు ఫారం తీసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి లేస్తూ, మళ్ళీ ఎప్పుడు నూనె పట్టించాలని బావ అడిగాడు.

"వానలకి ముందర ఒగసారి. వానలైపోయి పరజలొచ్చేటప్పుడు ఇంగోసారి."