గట్టు తగాదా – దేవుని తీర్పు



మన ఊళ్లలో పగలు ఎక్కువగా పొలం గట్టు దగ్గరో, బోరు నీళ్ల దగ్గరో మొదలవుతాయి. జానెడు నేల కోసం అన్నదమ్ములు మాటలు మానుకుంటారు. ఆదివారం మాత్రం ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతారు.

ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకును చూద్దాం. అతని పనివారు తవ్విన బావి నీళ్లు మావేనని గెరారు కాపరులు జగడమాడారు. ఆ బావికి ఏశెకు అని, మళ్లీ తగాదా వచ్చిన రెండవదానికి శిత్నా అని పేరు పెట్టి అతడు ముందుకు సాగాడు. మూడవది రహెబోతు, దానికోసం ఎవరూ పోట్లాడలేదు. తరువాత అబీమెలెకే అతని దగ్గరికి వచ్చి సమాధానపడ్డాడు.

గమనించండి, ఇస్సాకు అన్యాయాన్ని న్యాయమనలేదు. ఏశెకు అంటే జగడమే. పగను మాత్రం వెంట మోసుకుపోలేదు. మనమూ సర్వేయరును పిలిచి కొలిపించుకోవచ్చు, పెద్దలకు చెప్పుకోవచ్చు. పౌలు కూడా కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. కానీ రాత్రికి రాత్రి గట్టు చెక్కడం, ఎదుటివాని పంట పాడవ్వాలని కోరడం మన పని కాదు. తీర్పు తీర్చువాడు దేవుడు. హద్దురాళ్లు ఆయనకు తెలుసు.

ఈ వారం మనం మాటలు మానేసిన ఒక్కరి పేరు చెప్పి ప్రార్థిద్దాం. దారిలో ఎదురైతే మనమే ముందు పలకరిద్దాం. ఆమేన్.