ప్రాసెసరు నెంచుకొన్న వేసవి

ఎద్దుల జతను కొనదలచిన రైతు సంతకు బయలుదేరుటకు ముందే తన పొలమెంత, నేల యెట్టిది, దుక్కికా బండికా యని తనలో తాను తర్కించుకొనును. అట్లు తర్కించుకొననివాడు కొమ్ములకు పూసిన రంగును చూచి జతను తోలుకొని వచ్చును. కంప్యూటరునకు ప్రాసెసరును కొనుటయు నిట్టిదేయని 2023వ సంవత్సరపు వేసవిలో మాకు తెలియవచ్చినది. మావలెనే కొనదలచిన సోదర విద్యార్థులకును, దుడ్డు నిచ్చెడి తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఆ సంగతి నిచట విన్నవించుకొనుచున్నాము.

మేమిద్దరము అన్నదమ్ములము. ఊత్తంగరై చెంతనున్న ఒక పల్లె మా నివాసము. ఆటలాడుటకు తగిన కంప్యూటరును విడిభాగములుగా కొని, మా చేతులతో మేమే కూర్చుకొనవలెనని మాకు చిరకాలముగా కోరిక యుండెను. ఆ యేడు మామిడితోట కౌలుసొమ్ము చేతికి వచ్చినపుడు నాయన అందుండి 50,000 రూపాయలు మాకై ప్రత్యేకించుట కంగీకరించిరి. మా అక్క పాలిటెక్నిక్ చదువునకు కంప్యూటరు అవసరమగుటయు నందుకొక కారణము. అయితే ఆయన ఒక నిబంధన విధించిరి.

“మీరు కొనేది ఏమి, ఎందుకు అనేది నాకు తెలుగులో చెప్పండిరా. నాకు అర్థమైతే దుడ్డు ఇస్తాను. చెప్పేదానికి రాలేదంటే మీకూ తెలీదనే కదా?”

ఈ నిబంధన మాకు మొదట సులభముగా తోచెను. పిదప చూడగా మేము నేర్చినదంతయు తమిళమునను, ఆంగ్లమునను వినిన వీడియోల వలన వచ్చినదే. కోరు, థ్రెడ్డు, క్యాషు అను మాటలు మా నాలుకల మీద నాడుచుండెనే కాని, ఇంటి భాషలో వాటి అర్థమేమని అడిగినచో నోరు పెగలలేదు. వారము దినములు ప్రతి రాత్రియు భోజనానంతరము నాయన యెదుట కూర్చుండి, ఒక్కొక్క మాటను విప్పి చెప్పుట కారంభించితిమి.

ప్రాసెసరనగా కంప్యూటరులో లెక్కలు చేయు భాగము. ఒకే బిళ్లపై నిమిడిన ప్రాసెసరును 1971లో ఇంటెల్ సంస్థ 4004 అను పేర అమ్మకమునకు తెచ్చెను. జపానుదేశపు బిజికామ్ అను సంస్థ కూడికల యంత్రముల కొరకు అది తయారైనది. అందు సుమారు 2,300 ట్రాన్సిస్టరులు మాత్రమే యుండెను. 1993లో వెలువడిన పెంటియమ్‌లో 31 లక్షలుండెను. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించిన వారిలో పూణెలో పుట్టిన వినోద్ ధామ్ ముఖ్యుడు. నేడు మనబోటివారు కొనెడి సామాన్యపు బిళ్లలో సైతము వందల కోట్ల ట్రాన్సిస్టరులు కలవు. ఈ లెక్క విని నాయన, “అంత చిన్న బిళ్లలో అన్నా!” యని ఆశ్చర్యపడిరి. అయితే వెంటనే, “అది సరే, అన్నిటికీ అదే వెల ఎందుకు లేదు?” అనిరి. అసలు ప్రశ్న అదియే.

అందుకు కోరుల సంగతి చెప్పితిమి. కోరు లనగా ఒకే బిళ్లలో పనిచేయు కూలి ఆళ్ల వంటివి. వేరుసెనగ పెరుకుటకు పదిమంది వచ్చినచో పని పదవ వంతు కాలములో ముగియును. కాని ఒకే చేద, ఒకే త్రాడు గల బావిలో నీరు తోడుటకు పదిమంది వచ్చిన లాభమేమి? తొమ్మిదిమంది గట్టున నిలుచుందురు. ఆటలలో పని కొంత పంచుకొన వీలైనది, కొంత ఒక్కడే చేయవలసినది. కావున కోరుల సంఖ్యతో పాటు ఒక్కొక్క కోరు చురుకుదనమును చూడవలెను.

ఆ చురుకుదనమును గిగాహెర్ట్జులతో కొలుతురు. ఒక గిగాహెర్ట్జనగా సెకనునకు నూరుకోట్ల తాళములు. అయితే ఈ యంకె నొక్కదానినే నమ్మరాదు. 2004లోనే పెంటియమ్ 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జుల వేగము నందుకొన్నది. నేటి ప్రాసెసరు అదే వేగమున దానికంటె ఎన్నో రెట్లు పని చేయును. ఏలయన ఒక్కొక్క తాళములో జరుగు పని పెరిగినది. వేగముగా పార వేయువాడు ప్రతి వేటునకు పిడికెడు మన్ను తీసినచో, నిదానముగా తట్టెడు తీయువాడే ముందు ముగించును.

ఇక క్యాషు. దీనిని మా అమ్మ అందరికంటె ముందు గ్రహించినది. పొయ్యి ప్రక్కనే పోపుల పెట్టె యుండును. సరుకులు కొట్టుగదిలో నుండును. అచ్చటను లేనిచో అంగడికి పోవలెను. ప్రాసెసరులోని క్యాషు పోపుల పెట్టె, ర్యామ్ కొట్టుగది, ఎస్‌ఎస్‌డీ అంగడి. పోపుల పెట్టె పెద్దదైన కొలది వంట చేయుచు మాటిమాటికి లేచి పోవలసిన పని తగ్గును. పెక్కు ఆటలలో ఈ క్యాషు వలన గలుగు మేలు మిక్కుటము. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ సంస్థ విడుదల చేసిన రైజెన్ 7 7800ఎక్స్3డీ అను దానిలో క్యాషును టిఫిన్ క్యారియరు గిన్నెలవలె ఒకదానిపై నొకటి పేర్చి, మూడవ అంచె క్యాషును 96 మెగాబైట్లకు పెంచిరి. మా మనస్సు దానిపైననే యుండెను.

నాయన దానిని త్రోసిపుచ్చలేదు. “మంచిదే. దానికి తగిన పని మనింట్లో ఉందా?” యని మాత్రమే అడిగిరి. సమాధానము చెప్పుటకు మేము లెక్క వేయవలసి వచ్చెను. మా మేనమామ యిచ్చిన పాత తెర సెకనునకు 60 మారులు మాత్రమే బొమ్మను మార్చును. ఒక్కొక్క బొమ్మకు దొరకు కాలము సెకనులో 60వ వంతు. ఆ కాలములో ప్రాసెసరు ఆటలోని మనుష్యులెచ్చట నున్నారో, బంతి యెటు పోవునో లెక్కించి గ్రాఫిక్స్ కార్డునకు చెప్పవలెను. అది బొమ్మ గీయవలెను. ఇద్దరిలో ఎవరు వెనుకబడిన, ఆట వారి వేగముననే నడచును. ఒకే కాడికి బలమైన యెద్దును, బక్కయెద్దును కట్టినచో చాలు బక్కయెద్దు నడకనే సాగును. గొప్ప ప్రాసెసరును కొని చౌక కార్డును చేర్చుట అట్టిది. పైగా సెకనునకు 200 బొమ్మలు సిద్ధము చేసినను, మా తెర చూపునవి 60 మాత్రమే.

కావున సొమ్మును పది పాళ్లు చేసితిమి. రెండు పాళ్లు ప్రాసెసరునకు, నాలుగు పాళ్లు గ్రాఫిక్స్ కార్డునకు, తక్కిన నాలుగు మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్లకు. ఈ విభజన ప్రకారము ఆరు కోరులు, 32 మెగాబైట్ల క్యాషు గల రైజెన్ 5 5600 మాకు సరిపోవునని నిశ్చయించితిమి. నాయన తల యూపిరి.

ఇంతలో మా బోరు ఎండిపోయెను. మే నెల యెండలో మామిడి మొక్కలు వాడుచుండ, బోరును మరింత లోతు చేయక తప్పలేదు. నాయన మమ్ము పిలిచి, “ఇరవై వేలు నాకు తిరిగి కావాల్రా. మిగతాది మీదే. ఇప్పుడే కొంటారో, ఆగుతారో మీ ఇష్టం” అనిరి. ఆయన కంఠములో నున్న కష్టమును విని మేము మారుమాట యాడలేదు.

మిగిలినవి 30,000. పోయిన సొమ్ము సరిగా గ్రాఫిక్స్ కార్డు పాలు. మాలో ఒకరము మరుసటి యేటిదాక వేచియుండి, అనుకొన్నదే కొనవలెనంటిమి. మరియొకరము అక్కకు జూన్‌లో కళాశాల తెరచుననియు, కంప్యూటరు అప్పటికే కావలెననియు నంటిమి. రెండు దినములు మాలో మాకు మాటలు లేవు.

చిక్కు ఏమనగా, రైజెన్ 5 5600లో బొమ్మను గీయు భాగము లేదు. కార్డు లేనిచో తెర వెలుగదు. ఇంటెల్ వారి నాలుగు కోరుల కోర్ ఐ3 12100ఎఫ్ కొంత చౌకయే కాని, పేరు చివరనున్న ‘ఎఫ్’ అను అక్షరమునకు అర్థము అదే లోటు. ప్రాసెసరు పేరులోని తుది యక్షరమును చదువక కొనరాదనుట ఇందుకే. 5600జీ అను దానిలో మాత్రము ఆరు కోరులతో పాటు బొమ్మ గీయు భాగమును ఆ బిళ్లలోనే యున్నది.

దాని లోపములను కాగితముపై వ్రాసి నాయనకు చూపితిమి. ఒకటి, క్యాషు సగము, అనగా 16 మెగాబైట్లే. రెండు, బొమ్మల భాగమునకు సొంత జ్ఞాపకశాల లేక ర్యామ్‌నే వాడుకొనును. మూడు, మునుముందు మంచి కార్డును చేర్చినను 5600 ఇచ్చునంత వేగము రాదు. మేలు ఒకటే: యంత్రము ఇప్పుడే నడచును, కార్డు పెట్టుచోటు ఖాళీగా నుండి, సొమ్ము కలిగినపుడు నిండును. అదియును గాక ఇది కూర్చుండు ఏఎమ్4 సాకెట్టులోనికి 2022లో వచ్చిన పెద్ద క్యాషు ప్రాసెసరు 5800ఎక్స్3డీ సైతము ఇముడును. కాగితము చదివి నాయన, “లోపాలు మీరే రాశారు కాబట్టి ఇది సరి” యనిరి. మా యిద్దరి వివాదమును అంతటితో తీరెను.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకు నాయనతో కలిసి కృష్ణగిరి, హోసూరుల మీదుగా బస్సులో పోయితిమి. అంగళ్లలో కన్నడము, తమిళము, హిందీ కలగలిసి వినవచ్చుచుండెను. ఒక అంగడివాడు 16 జీబీ ర్యామ్‌ను ఒకే పలకగా నిచ్చెదననగా, 8 జీబీ పలకలు రెండు కావలెనని పట్టుబట్టితిమి. బొమ్మల భాగము ర్యామ్ మీదనే ఆధారపడును గనుక, రెండు పలకలు రెండు దారులై వేగము పెంచును. ఒకే పలకైనచో ఆట స్పష్టముగా మందగించును. బావికి రెండు చేదలు కట్టినట్లని మేము నాయనకు చెప్పుచుండగా, ప్రక్కనున్న మరియొక అంగడివాడు తెలుగులోనే నవ్వి, “బాగా చెప్పినారప్పా” యనెను. ఆ నగరముననే ఇంటెల్, ఏఎండీ సంస్థల రూపకల్పన కేంద్రములు కలవు. మన ప్రాంతపు పిల్లలకు అది దూరదేశము కాదు.

ఇంటికి వచ్చి కూర్చితిమి. ఈ ప్రాసెసరు అడుగున 1,331 సూదులు కలవు. ఒక్కటి వంగినను నష్టమే. బిళ్ల మూలనున్న చిన్న త్రికోణమును సాకెట్టుపై త్రికోణమునకు ఎదురుగా నుంచి, నొక్కక, తనంత తానుగా దిగనిచ్చితిమి. పిదప దానితో వచ్చిన ఫ్యానును బిగించితిమి. ఇది 65 వాట్ల ప్రాసెసరు. మా యూరి వేసవికి ఆ ఫ్యానే చాలినది. అక్క మీట నొక్కగా తెర వెలిగినది. నాయన అవ్వను పిలిచి, పోపుల పెట్టె కథను తామే చెప్పిరి.

అది జరిగి రెండేండ్లు దాటినవి. బోరునకు నీరు పడెను. కాని తరువాతి సొమ్ము అక్క చదువునకు పోయినది; కార్డు చోటు నేటికిని ఖాళీయే. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలు చక్కగా నడచును. సైబర్‌పంక్ వంటి భారీ ఆటలకు అది తడబడును. వాటిని మేము ముట్టుకొనము. అక్క తన ప్రాజెక్టు చిత్రపటములన్నియు దానిమీదనే గీచినది. నాడు తుది యక్షరము గమనింపక కొనియున్నచో, ఈ రెండేండ్లును మా యింట వెలుగని తెర యొకటి యుండెడిది.

సోదర విద్యార్థులారా! ప్రాసెసరును కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. మీ తెర సెకనునకు ఎన్ని బొమ్మలు చూపును? గ్రాఫిక్స్ కార్డునకు సొమ్ము ఇప్పుడే కలదా? ఆ బిళ్ల కూర్చుండు సాకెట్టులో రేపు మరియొకటి ఇముడునా? ఇంటిలో ఇంకెవరికి ఆ యంత్రముతో పని కలదు? జవాబులను మీ యింటి పెద్దలకు తెలుగులో చెప్పి చూడుడు. ఎచ్చట మాట తడబడునో అచ్చట మీకింకను తెలియవలసినది కలదని గ్రహింపుడు. అది తెలిసిన పిమ్మటనే దుడ్డు తీసికొని బస్సెక్కుడు.