ఉడుము

మా పాఠశాల ముంగిట నొక సిమెంటు శిల్పమును నిలుపవలెనని పెద్దలు సంకల్పించి, దాని రూపకల్పనను మాకప్పగించిరి. అడవిజంతువును, సంగీతవాద్యమును నొక్కటిగా జూపవలెననుట వారి కోరిక. సంస్కృతము చదివిన చేయి గనుక, కాగితము పరచినంతనే నెమలి వచ్చి వ్రాలినది. దాని మెడయే వీణదండి, విప్పిన పురియే కుండ. కవిసమయములను నమ్ముకొన్నవానికి వేరుదారి తోచునా?

చిత్రమును తరగతిగోడకు తగిలించితిమి. బాలిక యొకతె చాలసేపు చూచి, "మాస్టారూ, పద్యాల నడక చెప్పేటప్పుడు మీరు వాయించే కంజిరకు ఏ జంతువు తోలు వేశారండీ?" అని యడిగినది.

గంట మ్రోగినదను మిషతో మేము బయటికి వచ్చితిమి.

ఆ కంజిర మా తండ్రిగారిది. ఏడంగుళముల పనసకొయ్య చట్రము, ప్రక్కచీలికలో లోహపుబిళ్ళలు, మీద ఉడుముతోలు. 19వ శతాబ్ది చివర పుదుక్కోట్టై మాన్‌పూండియా పిళ్ళైగారు దీనిని కచేరీ వేదిక కెక్కించిరి. వాయించుటకు ముందు తోలును లోపలివైపున నీటితో తడుపుదురు. బిగువు సడలి శ్రుతి దిగును. పట్టుకొన్న చేతివ్రేళ్ళతో తోలును నొక్కినచో నాదము వంగి పలుకును. తడియారిన శ్రుతి మరల పైకెక్కును. అట్లు తడుపుచున్న తండ్రిగారి మోకాలికడ గూర్చుండి మేము పెరిగితిమి. అది యేజంతువు తోలో యెరుగకపోలేదు. ఉడుముపట్టు పట్టవలెనని పిల్లలకు బోధించుచు, ఆ యుడుము చర్మము మీదనే తాళము వేయుచుంటిమి!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద నిపుడు ఉడుమును చంపుటయు, దాని తోలు నమ్ముటయు నేరములు. మేకతోలు, కృత్రిమపుపొర వాడుకలోనికి వచ్చినవి. వానికి ఆ మెత్తదనము లేదని వగచు విద్వాంసులు కలరు. వారి చెవి సత్యమే కావచ్చును. చర్మము వారిది కాదు.

నెమలిని గోడనుండి దింపితిమి. క్రొత్తచిత్రమున నిలువెత్తు కంజిరచట్రము. దాని యంచును నాలుగుకాళ్ళ గోళ్ళతో కరచిపట్టిన ఉడుము. తోలుండవలసినచోట ఏమియు లేదు, ఆవలి యాకాశము కనబడును. పెద్దలలో నొకరు, "సరస్వతి వాకిట ఉడుమా? ఇల్లు జొచ్చిన అరిష్టమందురే!" అనిరి. మాకు కోపము వచ్చినది. వచ్చుట తగదు, నిన్నటివరకు మేమును నెమలివైపే గదా! రెండు సమావేశములలో వాదించి, చివరకు ఎత్తును కొంత తగ్గించుటకు మాత్ర మొప్పుకొంటిమి.

తాపీపనివాడు చిత్రమును చూడగానే, "అయ్యగారూ, నాలుక చీలిక మరిచారు. గోళ్ళు ఇంకా పొడుగు," అన్నాడు. అతడు పొలముగట్ల పెరిగినవాడు. అతని మాట ప్రకారమే దిద్దితిమి.

బాలికకు సమాధానము మరునాడే చెప్పి, కంజిరను చేతికిచ్చితిమి. ఆమె వాయింపలేదు. పొలుసుల గుర్తులను వ్రేలితో తడిమి, మరల బల్లమీద బెట్టినది.