డబ్బా మీద లేని పేరు

"చల్లపల్లిలో లినక్స్ తెలిసిన మెకానిక్ ఉన్నాడట, చూసొచ్చి రాయండి" అన్నారు ఎడిటరు గారు. అవనిగడ్డలో మా మేనకోడలి లాప్‌టాప్‌కి ఎలాగూ వైఫై రావడం లేదు గనక దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. చల్లపల్లిలో జమీందారు కోట ఉంది, తెల్లవారకముందే వీధులు ఊడ్చే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్నారు. వాళ్ల గురించి చాలామంది రాశారు. నేను తిన్నగా బస్టాండు దగ్గర కొట్టుకెళ్లి స్టూలు మీద కూర్చున్నాను.

లాప్‌టాప్‌కి వేరే రోగమేమీ లేదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఈ మిషన్ మీద ఎక్కదు. అమ్మాయి లినక్స్ మింట్ వేసుకుంది. లోపలి వైఫై కార్డు ముందే పోయింది కాబట్టి ఆన్‌లైన్లో చవగ్గా ఒక డాంగిల్ తెప్పించింది. గోరంత ఉంటుంది. గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మెకానిక్ డబ్బా వంక కూడా చూడలేదు. టంకం చురకలతో నల్లబడ్డ బొటనవేలితో డాంగిల్‌ని నొక్కి, టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని కొట్టాడు. ఒక వరుస మీద వేలు పెట్టి, "చూడండి బాబాయిగారూ, 0బీడీఏ:1ఏ2బీ. ఇది నేను వైఫైని కాదు, సీడీ డ్రైవునంటోంది" అన్నాడు.

నిజమే. ఇలాంటి డాంగిల్స్‌లో విండోస్ డ్రైవరు దాచిన చిన్న మెమరీ ఉంటుంది. గుచ్చగానే సీడీలా కనబడి, ఆ డ్రైవరు ఎక్కాకే వైఫైగా మారుతుంది. లినక్స్‌లో ఆ సీడీని ఒక్కోసారి మనమే బయటికి నెట్టాలి. 'యూఎస్‌బీ మోడ్‌స్విచ్' అనే పనిముట్టు ఉన్నది అందుకే. అతను ఒక ఆజ్ఞ ఇచ్చి మళ్లీ చూపించాడు. చివరి అంకెలు సీ811గా మారాయి. అప్పుడుగానీ లోపల ఉన్నది రియల్‌టెక్ 8811సీయూ చిప్పని తేలలేదు.

అయినా వైఫై రాలేదు. ఆ చిప్పుకి డ్రైవరు లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోకి 6.2 వెర్షన్‌తో, అంటే 2023లో వచ్చింది. అమ్మాయి మిషన్‌లో ఉన్నది 5.15. కొత్త కెర్నల్ దించాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవరు కావాలి. అతను నవ్వి, తన ఫోన్ని వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాడు. లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్ అనుకుంది. కెర్నల్ దిగేలోపు నాకు టీ వచ్చింది, అతని నోటి నుంచి ఫిర్యాదూ వచ్చింది.

"విత్తనాల సంచి మీద బీపీటీ 5204 అని రాయకుండా 'మంచి వడ్లు' అని రాస్తే మన రైతు కొంటాడాండీ? దీని మీద మాత్రం స్పీడు రాస్తారు, చిప్పు పేరు రాయరు. ఒకటే డబ్బా, ఒకటే మోడలు. నిరుడు ఒక చిప్పు, ఈ ఏడు ఇంకోటి. గంట కూర్చుని బాగుచేసి రెండొందలడిగితే, డాంగిలే అంత లేదు కదన్నా అంటారు."

అతను అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి రకంలో అథెరోస్ చిప్పు ఉండేది, లినక్స్‌లో హాయిగా పనిచేసేది. రెండో రకం నుంచి రియల్‌టెక్ చిప్పు పెట్టారు. మోడలు పేరు మాత్రం అదే.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. అమ్మేవాడు దాచిన ఒక్క పేరు కోసం కొన్నవాడు, మెకానిక్కు, ఎక్కడో కూర్చుని డ్రైవర్లు రాసేవాళ్లు అందరూ తమ కాలం ధారపోయాలి. రియల్‌టెక్ డ్రైవర్లను లినక్స్‌లో ఏళ్ల తరబడి భుజాన మోసిన ల్యారీ ఫింగర్ 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన పని వాడుకున్న వాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు ఎంతమంది?

మన సంగతి చూసుకుందాం. స్వేచ్ఛ వంటి సంస్థల పూనికతో లినక్స్ మెనూలు తెలుగులోకి వచ్చాయి. అది గొప్ప పనే. కానీ డాంగిల్ సీడీగా కనబడితే ఏంచేయాలో తెలుగులో ఎక్కడ దొరుకుతుంది? అది ఈ కొట్టులో ఒక నోటుబుక్కులో ఉంది. నీలం సిరాతో అంకెలు, పక్కన "ఫోను పెట్టి కెర్నల్ మార్చాలి", "దీనికి ఏమీ అక్కర్లేదు" అని తెలుగులో గమనికలు. అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు లేడు. ఉన్న ఒక్కడూ ఫోన్లకి అద్దాలేసే కొట్టు పెట్టుకుని పోయాడట. పాలిటెక్నిక్ మేష్టార్లెవరైనా ఈ నోటుబుక్కు కాపీ తీసి పిల్లల చేత నెట్‌లో పెట్టిస్తే, ఒక ప్రాజెక్టు రిపోర్టు కంటే ఎక్కువ మేలు.

మిషన్ మళ్లీ లేచేసరికి మూలన వైఫై గుర్తు వెలిగింది. అతను అడిగిన రెండొందలూ ఇచ్చాను.

లినక్స్ వాడేవాళ్లకు ఒక మాట. డాంగిల్ కొనేముందు చిప్పు పేరు అడగండి. ఎంటీ7610యూ లాంటివైతే డ్రైవరు కెర్నల్‌లో 2018 నుంచే ఉంది, చాలావరకు గుచ్చితే చాలు. అమ్మేవాడికి చిప్పు పేరు తెలియకపోతే ఆ డాంగిల్ కొనకండి.