చారుతో ఆగిపోయిన భోజనం

అమ్మ చేత పెరుగు మాన్పించింది నేనే. ఏ డాక్టరూ చెప్పలేదు.

2016 వేసవిలో నడుములో మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగి, ఆవిడ రాత్రంతా హాల్లో తిరుగుతూనే ఉంది. ఏడు మిల్లీమీటర్ల రాయి. లోపలికి గొట్టం పంపి, పగలగొట్టి తీశారు. ముక్కల్ని ల్యాబుకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. డిశ్చార్జి కాగితం మీద నీళ్లు బాగా తాగమని మాత్రమే ఉంది. నాకది చాలలేదు. కోడ్ రాసేవాణ్ణి, బగ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలకపోతే నిద్రపట్టదు. రాయి కాల్షియంది. పాలల్లో, పెరుగులో కాల్షియం ఉంది. కాబట్టి రెండూ బంద్. ఈ మూడు లైన్ల లాజిక్‌కి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చుట్టాలు తలో చెయ్యీ వేశారు: టమాటా వద్దన్నారొకరు, అరటిదూట రసం తాగమన్నారొకరు, కొండపిండాకు ఎక్కడ దొరుకుతుందో ఫోన్ చేసి మరీ చెప్పారింకొకరు.

మా ఇంట్లో పెరుగన్నం తినకుండా లేస్తే అన్నం తిన్నట్టు కాదు. అమ్మ చారుతో ఆపేసి, చెయ్యి ఎండిపోయేదాకా మమ్మల్ని చూస్తూ కూర్చునేది. ఆవకాయ మాత్రం మానలేదు. పెరుగు లేని లోటుకి ఇంకో ముక్క ఎక్కువే వేసుకునేది. ఎవరం ఏమీ అనలేదు. ఆవకాయలో కాల్షియం ఏముంటుంది?

ఆరేళ్లు గడిచాయి. 2022లో బాత్రూం గడప దగ్గర కాలు జారి, గోడ పట్టు దొరక్క అరచెయ్యి నేలకి ఆనించింది. అంతే. మణికట్టు విరిగింది. ఇంత చిన్న పడడానికి విరగకూడదని ఎముకల డాక్టరు డెక్సా స్కాన్ రాశాడు. టి-స్కోరు మైనస్ 2.8. మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకెట అది. అరవైకి దగ్గరపడుతున్న మనిషిని అలా పోల్చడం అన్యాయం అనిపించింది ముందు. పోలిక పెడితేనే కదా పోయిందెంతో తెలిసేది.

"పాలూ పెరుగూ తీసుకుంటారామ్మా?" అన్నాడాయన.

"లేదండీ, మా అబ్బాయి మాన్పించాడు. రాళ్లు కదా, నెట్లో అంతా చదివి చెప్పాడు," అంది అమ్మ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. గర్వం ఉంది. నేను ఎక్స్‌రే వైపు తిరిగాను.

చదవాల్సింది అప్పుడు చదివాను. 1993లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 45 వేలమందికి పైగా మగవాళ్ల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆహారంలో కాల్షియం ఎక్కువ తిన్నవాళ్లకే రాళ్లు తక్కువ. 2002లో అదే పత్రికలో ఇటలీ వాళ్ల ప్రయోగం: మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతూ, రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే 120 మందిలో సగం మందికి పాలు తగ్గించారు, సగం మందికి కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పూ మాంసమూ తగ్గించారు. ఐదేళ్లలో మొదటి గుంపులో 23 మందికి రాయి మళ్లీ వచ్చింది, రెండో గుంపులో 12 మందికి.

ఎందుకంటే, తిన్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. కాల్షియం తగ్గిస్తే ఆక్సలేట్ వదులుగా మిగిలి రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి చేరుతుంది. పోనీ మూత్రంలో కాల్షియమైనా తగ్గిందా అంటే, దానికి ఉప్పు తోడు. కిడ్నీ సోడియాన్ని బయటికి పంపేటప్పుడు కాల్షియం కూడా వెంట పోతుంది, సుమారు ఆరు గ్రాముల ఉప్పుకి 40 మిల్లీగ్రాముల చొప్పున. తిండిలోంచి రాకపోతే రక్తం ఆ లోటు ఎక్కడ పూడ్చుకోవాలి? ఒంట్లో కాల్షియం 99 శాతం ఉన్నది ఎముకల్లో. అంటే నేను ఆపమన్నవేమో ఆవిణ్ణి కాపాడేవి, వదిలేసిందేమో ఆవకాయ.

డాక్టరు పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష కూడా రాశాడు. ఆ గ్రంథి అదుపు తప్పితే ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది, అది కిడ్నీలో రాయవుతుంది. వెతుకుతుంటే చార్ల్స్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ కథ దొరికింది. ఎముకలు కుంగి ఏడంగుళాల ఎత్తు తగ్గాడు, మరోపక్క కిడ్నీలో రాళ్లు. గ్రంథిలో గడ్డ కోసం మెడ ఎన్నిసార్లు కోసినా దొరకలేదు. అది ఛాతీలో ఉంది. 1932లో ఏడో ఆపరేషన్లో దొరికింది. కొన్ని వారాలకే, రాయి తెచ్చిన చిక్కులతో చనిపోయాడు. ఆ రాత్రి అమ్మ రిపోర్టు వచ్చేదాకా నేను పడుకోలేదు. నార్మల్.

"ముట్లు ఆగిపోయాక ఎముక ఎలాగూ పలచబడుతుంది, రాళ్లు వచ్చేవాళ్లలో చాలామందికి ముందే కొంత తక్కువుంటుంది. అంతా మీ నెత్తిన వేసుకోకండి," అన్నాడు డాక్టరు. మంచివాడు. ఎంత నావల్ల, ఎంత వయసువల్ల అన్నది ఏ స్కానూ విడదీసి చెప్పదు కాబట్టి నాకు తోచినంత నేను వేసుకున్నాను. ఎముకకి మందు మొదలుపెట్టారు. కాల్షియం మాత్ర వేసుకుంటే అన్నంతోపాటే వెయ్యమన్నారు, పేగులో ఆక్సలేట్ దానికి దొరకాలిగా.

ఆ రాత్రి పెరుగు గిన్నె అమ్మ ముందు పెట్టి, సంగతంతా చెప్పాను. ముద్ద కలుపుతూ వింది.

"అయితే ఆవకాయ తీసేస్తావేంట్రా ఇప్పుడు?"

"తగ్గిద్దాం."

"తగ్గించు. కానీ ఈ ముద్దకి ఒక్క ముక్క వెయ్యి."

వేశాను, చిన్నది.