పురిటి మూటతో సముద్రాలు దాటి

బెంగుళూరులో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు పురిటి ప్రయాణాలు కొత్తవి కావు. వెనుకటి రోజులలో కడుపుతో ఉన్న పిల్లే పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు పిల్లలు అమెరికాలోనో, సింగపూరులోనో కాపురముండడంవల్ల పుట్టింటివారే మూట కట్టుకుని వారి దగ్గరకు పోవలసి వస్తున్నది. ప్రయాణం దిక్కు మారినది గాని మూట మారలేదు. మునగాకు పొడి, రాగి మాల్టు, బాలింత కాయానికి కావలసిన శొంఠి, పిప్పళ్లు అందులో ఉండి తీరవలసిందే. వాటికి తోడు ఈ కాలపు బలం మాత్రలు: ఇనుము, కాల్షియం, బి12, చేపనూనె గుళికలు.

మా అమ్మాయి పురిటికని మేమిద్దరం దేవనహళ్లినుంచి దుబాయి మీదుగా న్యూయార్కు వెళ్లి వచ్చాము. అక్కడి వింతలు చెప్పేవారు చాలామంది ఉన్నారు గనుక మేము ఆ మూట సంగతే చెప్పదలచాము.

సర్దేటప్పుడే మా యింటావిడకు ఒక ఆలోచన వచ్చింది. "ఏమండీ, మాత్రలన్నీ ఒక్క డబ్బాలో పోస్తే చోటు కలిసివస్తుంది గదా!" అన్నది.

"ఏది దేనికో నీకు తెలుసు. చూసేవాడికి తెలియవద్దూ? పేరున్నది సీసామీదే గాని మాత్రమీద కాదు గదా!" అన్నాము.

అందుచేత మాత్రలు వాటి వాటి సీసాలలోనే ఉంచి, డాక్టరుగారిచేత ఒక చీటీ వ్రాయించుకున్నాము. నాలుగైదు రోజులకు సరిపడే మందులు చేతిసంచీలోనూ, తక్కినవి పెట్టెలోనూ పెట్టాము. పెట్టె ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా మందు ఆగరాదు గదా. పొడులను గట్టి సంచులలో పోసి, ప్రతిదానిమీద అది ఏమిటో, దేనికో ఇంగ్లీషులో వ్రాసి అంటించాము.

దేవనహళ్లి అంటే టిప్పు సుల్తాను పుట్టిన ఊరు. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటినుంచి కోటను తలచుకునేవారు తగ్గి, సోదా వరుసను తలచుకునేవారు పెరిగారు. పై దేశాలకు పోయే విమానాలలో చేతిసంచీలో ద్రవపదార్థం ఏదైనా 100 మి.లీ. మించని సీసాలోనే ఉండాలి. మా ముందున్న పెద్దాయన ఒకరు 200 మి.లీ. టానిక్కు సీసా పట్టుకుని, అడుగున రెండు గుటకలే మిగిలాయని చూపించారు. లెక్క సీసాది గాని గుటకలది కాదు! అవసరమైన మందులకు చీటీ చూపిస్తే సడలింపు ఉన్నది. ఊరికే బలానికి తాగే టానిక్కును పెట్టెలో వేసుకోవడమే మేలు.

అమెరికాకు పోయేవారికి పొడుల నియమం కూడా ఒకటున్నది. 2018 జూన్ చివరినుంచి, చేతిసంచీలో సుమారు 350 మి.లీ. పరిమాణాన్ని మించిన పొడి ఉంటే దానిని విడిగా పరీక్షిస్తారు; తేలకపోతే విమానంలోకి రానివ్వరు. అందుచేత రాగి మాల్టు, మునగాకు పొడి పెట్టెలోకి పోయాయి. ఎండుకొబ్బరిని అసలే పెట్టలేదు. అది తనంతట తాను వేడెక్కగల సరకని విమాన నియమాలలో ఉన్నది. గసగసాలు దుబాయి, సింగపూరులలో నిషిద్ధం గనుక మసాలా పొడి కూడా చూసి కట్టాము.

ఆకాశంలో ఉన్నప్పుడు వచ్చిన చిక్కు వేరు. మా యింటావిడ ప్రొద్దున్నే పరగడుపున థైరాయిడు మాత్ర వేసుకుంటుంది. ప్రొద్దున అంటే ఏ ఊరి ప్రొద్దున? వేసవిలో న్యూయార్కు మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక! గడియారం చూడక, గంటలు లెక్కపెట్టుకోమని మా డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మాత్రకూ, ఇనుము కాల్షియం మాత్రలకూ నడుమ నాలుగు గంటలు ఎడముండాలన్నారు. ఇనుము మాత్రతో టీ, కాఫీ తాగితే ఆ ఇనుము వంటికి సరిగా పట్టదు. విమానంలో టీ అడగకుండానే తెచ్చి ఇస్తారు గనుక ఈ మాట గుర్తుంచుకోవలసినది.

న్యూయార్కులో దిగగానే తినే వస్తువులున్నవని మేమే చెప్పాము. ఉన్నదంతా చెప్పినవారి దగ్గర తేరాని వస్తువు ఏదైనా ఉంటే తీసివేస్తారు, అంతే. దాచినవారికే జరిమానా. సుంకాల ఉద్యోగి ఆ పచ్చని పొడి సంచీని ఎత్తి చూశాడు, మేము అంటించిన చీటీ చదివాడు, పొమ్మన్నాడు. పచ్చి కరివేపాకు మాత్రం తీసుకుపోరాదు సుమా! నిమ్మ, నారింజ చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని వెంట వస్తుందని వారి భయం.

ఇక అసలు సంగతి. బయలుదేరేముందు మాకు కావలసిన పెద్దమ్మగారు ఒకరు బాలింతకు బలమని ఒక భస్మం పొట్లం ఇచ్చారు. దానిమీద పేరు లేదు. మేము తీసుకుపోలేదు. ఆమె మనసు నొచ్చుకున్న మాట నిజమే. కాని 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణాలలో దక్షిణాసియానుంచి వచ్చిన 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షించగా, 14 మందులలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. తల్లి వంటిలో చేరిన సీసం కడుపులోని బిడ్డకూ, తరువాత చనుబాలలోకీ పోతుంది. పెద్దల మాట కాదనడం కష్టమే, పసిబిడ్డ మాటేమిటి?

అక్కడి డాక్టరమ్మ మా సీసాలన్నీ చదివి, అమ్మాయి వేసుకునే మాత్రలోనే తగినంత ఇనుము ఉన్నదనీ, మా ఇనుము అక్కరలేదనీ పక్కన పెట్టించింది. ఒకే బలం రెండు సీసాలలో వస్తుందన్నమాట! కాయం మాత్రం ఆమెకు చెప్పి, మా పొడులలో అక్కడి బెల్లం, నెయ్యి కలిపి చేసి పెట్టాము.

ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, పెట్టె మూసేముందు ఒక్కొక్క పొట్లం చేత పట్టుకుని చూడండి. ఇదేమిటని అడిగితే ఒక్క మాటలో చెప్పగలిగినది తీసుకుపొండి. చెప్పలేనిది ఇంటిలోనే ఉంచి వెళ్లండి.