ఐడిల్ స్క్రూ ముట్టుకునే ముందు

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, పడవ ఇంజిన్ గురించి రాస్తున్నాను. మన్యం పిల్లలకి పడవతో ఏం పని అనుకోవద్దు. ముంచింగిపుట్టు వైపు జోలాపుట్టు జలాశయం, దేవీపట్నం వైపు గోదావరి దాటాలంటే మనవాళ్ళకి పడవే దారి. ఆ ఇంజిన్ల గురించి తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు?

నేను పాడేరు దగ్గర కుర్రాణ్ణి. ఐటీఐ అయ్యాక విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఔట్‌బోర్డ్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మాకు ఊపిరి ఆడదు, తెప్పల ఇంజిన్లన్నీ రిపేరుకి వస్తాయి.

ఒకసారి జాలరిపేట నుంచి టూ స్ట్రోక్ ఇంజిన్ వచ్చింది. న్యూట్రల్‌లో పెట్టినా అరుపే. ఇలాంటి చిన్న ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి సుమారు 1000 తిరుగుళ్ళు తిరగాలి, ఇది అంతకు చాలా ఎక్కువ. గేరు వేస్తే టప్‌మని కొట్టి, తెప్ప ముందుకి దూకేస్తోంది. జెట్టీ దగ్గర రెండు తెప్పల మధ్య మనిషి ఉంటే కాలు పోతుంది. "ఆ ఇస్క్రూ కాస్త తిప్పీ తమ్ముడూ, సాల్దేటి?" అన్నాడు ఓనరు. అంతకుముందు వేరే షాపులో అదే చేశారట. నాలుగు రోజులకే మళ్ళీ మొదలు.

మా గురువు ఒకటే మాట చెప్పేవారు: స్క్రూ ఆఖర్న. ముందు వరసగా చూడాలి. డ్రమ్ము నీళ్ళలో పెట్టి, న్యూట్రల్‌లోనే నడపాలి; నీళ్ళు లేకుండా స్టార్ట్ చేస్తే కూలింగ్ పంపు పాడవుతుంది.

మొదట ఇంజిన్ వేడెక్కనివ్వాలి. చల్లగా ఉన్నప్పుడు కాస్త స్పీడుగా తిరగడం మామూలే. చోక్ పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో చూడాలి.

తర్వాత ఇంజిన్ ఆపి, థ్రాటిల్ కేబుల్‌ని కార్బురేటర్ దగ్గర ఊడదీయాలి. మళ్ళీ స్టార్ట్ చేస్తే స్పీడు తగ్గిందా, తప్పు కేబుల్‌దే. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి వెనక్కి రాదు. తగ్గకపోతే స్ప్రింగు, లింకులు చూడాలి.

అవీ బాగుంటే గాలి లీకు. కార్బురేటర్, మానిఫోల్డ్ కలిసే చోట సబ్బునీళ్ళు చల్లితే ఇంజిన్ శబ్దం మారుతుంది. కొందరు పెట్రోలు చల్లుతారు. దయచేసి వద్దు. 2023 నవంబరులో ఇదే హార్బర్లో పడవలెన్ని కాలిపోయాయో అందరం చూశాం.

ఆ ఇంజిన్‌లో అదే బయటపడింది, గాస్కెట్ చిరిగింది. ఇక్కడే అసలు సంగతి. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కి ఆయిల్ అందేది పెట్రోలుతో కలిసే. దొంగగాలి చేరితే మిశ్రమం పలచనవుతుంది, ఆయిల్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. స్క్రూ తిప్పితే అరుపు తగ్గుతుంది కానీ లీకు అలాగే ఉంటుంది. ఓ రోజు ఒడ్డు కనపడనంత దూరంలో పిస్టన్ పట్టేస్తుంది. తెప్పలో నలుగురుంటారు. జ్వరానికి తడిగుడ్డ వేసి మలేరియా తగ్గిందనుకోవడం లాంటిది. ఆ తేడా మన ఏజెన్సీలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

గాస్కెట్ మార్చి, పైలట్ జెట్ శుభ్రం చేసి, అప్పుడు స్క్రూ సరిచేశాం. ఇంజిన్ నెమ్మదిగా గుడగుడమంది. "కొండోళ్ళకి సముద్రం ఇంజిన్ ఏటి తెలుస్తాది" అని మొదట్లో అన్న ఓనరే, తర్వాత నుంచి ఇంజిన్ తెస్తే నన్నే అడుగుతున్నాడు.

ఐటీఐ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పని గురించి కూడా ఆలోచించండి. డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడ్ వాళ్ళకి సగం ముందే వచ్చి ఉంటుంది. నిషేధం రోజుల్లో వస్తే చేతినిండా పని, చూసినంత నేర్చుకోవచ్చు. రేపు మన రేవుల్లో ఇంజిన్ అరిచినప్పుడు, స్క్రూ తిప్పి డబ్బులు తీసుకునేవాడి కోసం కాకుండా, జబ్బు ఎక్కడుందో వెతికే మనవాడి కోసం కబురు పంపాలి.

జోహార్.